చేను, సేను, నా అరచేతులు

ఇన్నేళ్ళ తర్వాతా ఈ మాట చెప్పేది? ఐదో తరగతిలో "చేను"ను "సేను" అన్నందుకు నా అరచేతులు వాచేలా కొట్టిన తెలుగు మాస్టారు, ఈ రోజు ఒంగోలు బస్సులో నా పక్కనే కూర్చున్నారు.

"అన్ని భాషల్లోనూ హల్లులు మెత్తబడతాయిరా. మన పాలను కన్నడంలో హాలు అంటారు. నీ సేనూ అంతే. అది తప్పు కాదు, సహజం" అన్నారు.

"మరి నన్నెందుకు కొట్టారండీ?"

"అప్పటికి నేనింకా ఈ సంగతి చెప్పే పుస్తకం చదవలేదురా."

ఆ దెబ్బల భయంతో ఇప్పటికీ నేను నలుగురిలో నోరు విప్పను. పెళ్ళిచూపుల్లో కూడా తలే ఊపాను. మీ మాస్టార్లూ ఇలాగే ఆలస్యంగా చదివారా? నేనైతే రేపు రైతుల మీటింగులో లేచి నిలబడి, గట్టిగా...

"ఏవండోయ్! పత్తి సేలో గేదెలు పడ్డాయి, రండి!" మా ఆవిడ. వస్తున్నానే, ఈ ఒక్క ముక్క రాసి