సిల్లా పురుగుల మేడమ్

పోయిన మంగళవారం పొద్దున ఆమె శిష్యురాలు ఫోన్ చేసి, "మేడమ్ పోయారు సార్. మీకు తప్పకుండా చెప్పమన్నారు" అంది.

మీలో ఎక్కువమంది ఆమెను ఎరగరు. ఇందుకూరుపేట వైపు పుట్టిన మనిషి. పురుగుల లోపల కాపురముండే సూక్ష్మజీవుల మీద జీవితమంతా పనిచేసిన శాస్త్రవేత్త. ఆమె రాసినవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, నాకు చదవడం రాదు. గూడూరు పక్కన మా నిమ్మతోటలో ఎండకు వంగి నిలబడిన మనిషిగానే నాకు ఆమె తెలుసు.

నిమ్మ చిగుళ్ల మీద నువ్వుగింజంత సిల్లా పురుగు వాలుతుంది. రసం పీలుస్తూ చెట్టుకు గ్రీనింగ్ తెగులు అంటిస్తుంది, అది సోకితే చెట్టు తిరిగి కోలుకోదు. ఆమె సన్నటి రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుని, ఊపిరితో ఆ పురుగులను సీసాలోకి లాగేవారు. సీసా మీద చెట్టు నంబరు రాసేదాకా ఎవరు పిలిచినా పలికేవారు కాదు. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ మాత్రం నిలబడే తాగేసి, "ఇంకో గ్లాసు ఉండాదా వదినా?" అనేవారు.

"అంత చిన్న పురుగులో ఏం ఎతకతా ఉండారు మేడమ్?" అని ఒకసారి అడిగాను.

"దీని పొట్టలో ఇంకో ప్రాణి ఉండాదన్నా. అది బయట బతికేదానికి కావలసిన జన్యువులన్నీ ఎప్పుడో పోగొట్టుకునింది. పురుగు లేకుంటే అది బతకదు, అది లేకుంటే పురుగు బతకదు. ఆ ముడి యాడుండాదో తెలిస్తే, మందు కొట్టకుండానే పురుగును ఆపొచ్చు."

అందుకు మందు కొట్టని చెట్లు కావాలన్నారు. నేను పన్నెండు చెట్లు వదిలేశాను. పక్క తోట మా తమ్ముడిది. "వద్దన్నా, పురుగును పెంచతా ఉండావు" అని వాడు మొదటిరోజే చెప్పాడు. నేను వినలేదు.

నాలుగో ఏడు ఆకులకు పసుపు మచ్చలు తేలాయి. ముందు నా చెట్లకు, తర్వాత వాడి తోటకు. కాయలు వంకరపోయి రాలాయి. ఊళ్లో రైతులంతా నిమ్మకాయల షెడ్డులో కూర్చుని ఆమెను పిలిపించారు.

"సూటిగా చెప్పండి మేడమ్. ఈ తెగులు మా అన్న చెట్ల నుంచి వచ్చిందా, లేదా?" అన్నాడు తమ్ముడు.

ఈ తెగులు నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలతోనూ వస్తుంది; అలా వచ్చిందని ఒక్క మాట అంటే ఆమె బయటపడేవారు. నేనూ బయటపడేవాణ్ణి. ఆమె నా వైపు చూశారు.

"వచ్చుండొచ్చు. కాదనేదానికి నా దగ్గర రుజువు లేదు."

ఆ తర్వాత ఒక్క రైతూ ఆమెను తోటలోకి రానివ్వలేదు. తమ్ముడు నాతో మాటలు మానేశాడు. నేను కారు దాకా వెంటపడి, "ఒక్క అబద్ధం చెప్పలేకపోయినారా?" అని అరిచాను.

"ఈరోజు చెప్తే, రేపు నా పనిని నేనే నమ్మలేనన్నా" అన్నారు. కన్నీళ్లు తుడుచుకోకుండానే కారెక్కారు.

ఆ ఏడే రెండు తోటలూ జేసీబీతో పెరికించాం. ఆమె మాత్రం దాచుకున్న పురుగుల్లోని తెగులు క్రిమి జన్యువులను పోల్చి చూస్తూనే ఉన్నారట, అది ఏ తోట నుంచి ఏ తోటకు పోయిందో తేల్చాలని. జబ్బు చేశాక కూడా.

పోయిన వేసవిలో నెల్లూరు ఆసుపత్రికి వెళ్లాను. నన్ను చూడగానే, "తేలలేదన్నా. అటు చూసినా, ఇటు చూసినా ఒకే మాదిరి కనపడతా ఉండాది" అన్నారు. పర్లేదు మేడమ్ అనాల్సింది. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"తోటలో ఇప్పుడేమేసినారు?"

"జామాయిల్ మేడమ్."

ఆమె మొహం గోడవైపు తిప్పుకున్నారు. నా మొహం మీద నిజం చెప్పిన మనుషులు నాకు తక్కువ. ఆ మాటైనా ఆరోజు చెప్పి ఉండాల్సింది.

ఫోన్ వచ్చాక తమ్ముడి ఇంటికి వెళ్లాను. ఏళ్ల తర్వాత ఆ గడప దగ్గర నిలబడి, మేడమ్ పోయారని చెప్పాను.

"తేల్చిందా?" అన్నాడు.

"లేదు."

వాడు తలుపు వేసుకున్నాడు.

అక్కణ్ణుంచి పొలానికి నడిచాను. వాడూ జామాయిలే వేశాడు. జేసీబీలు తిరిగి తిరిగి మధ్యలో గట్టు చదునైపోయింది. ఏ వరస నాదో, ఏ వరస వాడిదో తెలియలేదు. ఎండుటాకు రాలే చప్పుడు తప్ప, ఆ చెట్ల కింద ఒక్క పురుగు కూత లేదు.