పసుపంటిన జర్మన్ నోటు

అమెరికాలో మేముండే నోవైలో మా పక్కింటావిడ పూర్వీకులు జర్మన్లు. మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్ట్ కోసం ఆవిడ తన తాతయ్య దాచుకున్న నోటు ఒకటి ఇచ్చింది. ధరలు పూటపూటకీ పెరిగిపోయి, సర్కారు నోట్లు చాలక, అక్కడి ఊళ్ళు ఎవరి నోట్లు వాళ్ళే అచ్చు వేసుకున్న రోజుల నాటిది. ఊరు దాటితే చెల్లదు. తాతయ్య గుర్తుగా మిగిలింది అదొక్కటేనని, జాగ్రత్తని మరీమరీ చెప్పింది.

మర్నాడు వరలక్ష్మీ వ్రతం. ఆరు నెలలకని వచ్చిన మా అత్తగారి రిటర్న్ టికెట్‌ను మా ఆయన అప్పటికే రెండుసార్లు వాయిదా వేయించారు, అందుకని ఆ ఏడు పూజ పెత్తనమంతా ఆవిడదే. అమ్మవారి ముందు డబ్బు పెట్టడం వాళ్ళింటి ఆనవాయితీ. డాలర్లు పెట్టిన చేత్తో, అన్ని సున్నాలున్న నోటును వదిలేస్తారా? తడి పసుపు బొట్టు పెట్టి మరీ పళ్ళెంలో ఉంచారు. అది చూసి మా ఆయన కంగారుగా గిన్నెలు తోమే సబ్బును దూదికి అద్ది తుడిచారు. పచ్చటి మచ్చ కాస్తా ఎర్రబడి కూర్చుంది.

"పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుద్దని తెలీదా? ఏం ఇంజనీరువిరా" అన్నారు అత్తగారు.

నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. పక్కింటావిడకు మొహం చూపించాల్సింది నేను. వద్దన్నా వినకుండా అత్తగారు కూడా బయల్దేరారు.

ఈ దేశంలో కాలు తొక్కినా "ఇట్స్ ఓకే" అంటారు. పక్కింటావిడ ఆ మాట అనలేదు. నోటు చేతిలో పట్టుకుని మచ్చనే చూస్తూ నిలబడింది. నేను సారీలు చెబుతూనే ఉన్నాను.

"ఊరు దాటితే చెల్లదన్నావుగా. మరి వాళ్ళ తాత అంతదూరం నుంచి ఎందుకు తెచ్చుకున్నాడో అడుగమ్మా" అన్నారు అత్తగారు.

అడగాల్సిన సమయం కాదు. అయినా అడిగాను.

"తిరిగి వెళ్ళినప్పుడు పనికొస్తుందని" అందామె ఇంగ్లీషులో.

ఆ మాట తెలుగులో చెప్పగానే అత్తగారు హ్యాండ్‌బ్యాగ్ తెరిచారు. చేతిరుమాలు మడతలోంచి రెండు వంద రూపాయల నోట్లు తీసి చూపించారు. విజయవాడలో దిగాక ఆటోకని అట్టేపెట్టుకున్నవని పక్కింటావిడకు చెప్పాను. రెండింటి మూలనా పసుపు బొట్టు ఉంది.

ఆమె ఆ బొట్లనూ, తన నోటు మీది మచ్చనూ మార్చిమార్చి చూసింది. కాసేపటికి ఆమె మొహం తేటపడింది.

"ఈవిడ ఇంటికి ఎప్పుడు వెళ్తున్నారు?" అని నన్నడిగింది.

"స్ప్రింగ్‌లో."

"మా తాతయ్య కూడా చివరిదాకా ఏటా స్ప్రింగ్ అనే చెప్పేవాడు."

ఏమంటోందని అత్తగారు అడిగారు. ఈ ఒక్క మాటా నేను తెలుగులో చెప్పలేదు.