లేని ప్లగిన్ పలికిన మాట

దయ్యాన్ని చూశామని చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు. భయం వేయదు, జాలి కూడా కలగదు. మా చుట్టాల్లో ఇలాంటి కథలు చెప్పేవాళ్ళు బోలెడుమంది. టైమెంతయింది, లైటుందా, పక్కనెవరున్నారు అని అడిగితే ఒక్కరి దగ్గరా జవాబుండదు. అందుకే నేను అవన్నీ ముందే చెప్పేస్తున్నాను. బుధవారం, పొద్దున పదకొండున్నర. కరెంటుంది. ట్యూబ్‌లైటు వెలుగుతోంది. నాకు తాగే అలవాటు లేదు. పక్కన ఒక మనిషి ఉంది.

కొత్తపేటలో, దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ నడుమ, రెండో అంతస్తులో ఒక గది కిరాయికి తీసుకుని స్టూడియో నడుపుతున్నాను. బోనాల పాటలు, బతుకమ్మ పాటలు, చర్చి పాటలు, పెళ్ళి వీడియోల పాటలు, ఏదొస్తే అది రికార్డు చేసి ఇస్తాను. పదిహేనేళ్ళుగా ఇదే పని.

పాట రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్లని చిన్న చిన్న ప్రోగ్రాములు పెట్టుకుంటాం. ఒకటి తప్పిన గొంతును శృతిలోకి లాగుతుంది, ఇంకొకటి పెద్ద హాల్లో పాడినట్టు వినిపిస్తుంది. ఇవి రకరకాల ఫార్మాట్లలో వస్తాయి. వీఎస్టీ టూ పాతది, వీఎస్టీ త్రీ కొత్తది, మ్యాక్ వాళ్ళకు ఏయూ అని వేరే ఉంది. టూ పిన్ ప్లగ్గుకూ త్రీ పిన్ ప్లగ్గుకూ ఉన్నంత తేడా. లోపల పారే కరెంటు ఒకటే.

దీని మీద మా వాట్సాప్ గ్రూపులో తెల్లారి లేస్తే కొట్లాటే. త్రీలో సౌండు మెత్తగా ఉంటుందని ఒకడు, ఏయూ ముందు అన్నీ దండగని ఇంకొకడు. ఎవడు పట్టిన కుందేలుకు వాడు మూడే కాళ్ళంటాడు. వీళ్ళలో ఒక్కడు నాలుగు నిమిషాల పాటకు తాళం తప్పకుండా చప్పట్లు కొట్టలేడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాట బాగా రాకపోతే ఫార్మాట్‌ను తిట్టడం.

నేను మాత్రం ఏళ్ళ తరబడి వీఎస్టీ టూ తోనే లాగాను. ప్రేమ కాదు, బద్ధకం. తీరా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసుకోవలసి వచ్చేసరికి అది పాత ఫార్మాట్‌ను అసలు తీసుకోనంది. సరే, అంతా త్రీకి మారిపోదామనుకున్నాను.

అప్పటికే కంప్యూటర్ ఫ్యాను గోల చేస్తుంటే సీపీయూను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సెల్లార్ షాపులో ఇచ్చి ఉన్నాను. షాపతని పేరు రమేష్. పనిలో పనిగా ఇదీ చేయిద్దామని ఫోన్ చేసి, "పాత ఫార్మాట్ మొత్తం తీసెయ్, కొత్త ఫార్మాట్ వెయ్యి. కొత్తవి పెన్‌డ్రైవ్‌ల ఉన్నయ్" అన్నాను.

"ఫార్మాటే గదనే, సాయంత్రం వరకు అయిపోతది" అన్నాడు.

ఆ సెల్లార్‌లో ఫార్మాట్ అన్న మాటకు ఒకటే అర్థం. డిస్కు తుడిచెయ్యడం. రమేష్ సీ డ్రైవ్‌ను శుభ్రంగా తుడిచి, విండోస్ కొత్తగా వేసి, పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి ఎక్కించి పెట్టాడు. అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అతను చల్లగా, "నువ్వే గదనే ఫార్మాట్ అన్నవు" అన్నాడు. అన్నది నేనే. ప్లగిన్ అనే మాట నా నోట్లోంచి ఒక్కసారి కూడా రాలేదు.

పాటలు వేరే డ్రైవ్‌లో ఉన్నాయి కాబట్టి బతికాయి. పాత ప్లగిన్లు మాత్రం కాపీ కూడా మిగలకుండా పోయాయి. అందులో గొంతును శృతి చేసే ఒక పాతది, ఎవరో ఉచితంగా ఇచ్చింది, మళ్ళీ దొరికేది కాదు. దాన్ని తయారు చేసినాయన వెబ్‌సైటే మూసేశాడు.

మామూలుగా అయితే పీడా పోయిందనుకునేవాణ్ణి. కానీ యాకోబు పాట ఆ ప్లగిన్ మీదే ఉంది.

యాకోబు ఎల్బీనగర్ వైపు స్కూలు వ్యాను నడిపేవాడు. ఏడాది కింద తను రాసుకున్న పాట ఒకటి నా దగ్గర పాడాడు. తబలా కలిపిద్దాం సార్, మనిషిని తోలుకొస్తానని వెళ్ళినవాడు ఇక రాలేదు. గుండెపోటుతో పోయాడని చాలా నెలలకు గానీ నాకు తెలియలేదు.

ఆయన భార్య రూతమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. భర్త పాట రికార్డు చేయించాడని ఆమెకు చర్చిలో ఎవరో చెబితే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆయన మాటలున్న ఫోను బస్సులో పోయిందట. ఇంట్లో ఫోటోలున్నాయి, గొంతు లేదు. ఆదివారం చర్చిలో ఏడాది జ్ఞాపకార్థ కూడిక. "ఆయన గొంతు ఒక్కసారి ఇనాలె తమ్మీ. అందరి ముంగట ఇనిపియ్యాలె" అంది. బుధవారం రమ్మన్నాను. ఫార్మాట్ భాగోతం ఆ తర్వాత జరిగింది.

బుధవారం ఆమె వంట ముగించుకుని నేరుగా వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. నేను ఫైలు తెరిచాను. ప్లగిన్ దొరకలేదని ఒక మెసేజ్ వచ్చింది. ఇలా దొరకనప్పుడు తెర మీద దాని చోట ఆ పేరుతో ఒక బూడిదరంగు పెట్టె మిగులుతుంది. అది ఉత్త పెట్టె. ఏ పనీ చేయదు. లోపలికి వెళ్ళిన శబ్దం వెళ్ళినట్టే బయటికి వస్తుంది. ఈ ఒక్కటి అర్థమైతే చాలు, మిగతాదంతా అర్థమవుతుంది.

యాకోబు గొంతు ఉత్తదైతే ఎలా ఉంటుందో ముందు ఆమెకు వినిపించాలనుకున్నాను. దిక్కుమాలిన ఆలోచనే. శృతి లేకుండా విని, నేను పడే కష్టం తెలుసుకోవాలని నా కోరిక.

పాట మొదలైంది. గొంతు శృతికి అటూ ఇటూ ఊగుతోంది, నేననుకున్నట్టే. పల్లవి చివర ఆమె చెయ్యెత్తింది.

"ఒస్తా అన్నడు" అంది.

"వస్తా అన్నాడక్కా" అన్నాను.

"లే తమ్మీ. ఒస్తా అన్నడు. ఇంట్ల గట్లనే అంటడు."

మళ్ళీ పెట్టాను. "నడిచి నడిచి నీ ఇంటికి ఒస్తా తండ్రీ." స్పష్టంగా ఒస్తా. నాకు భయం వేసింది.

ఎందుకో చెప్పాలి. యాకోబు మొదట పాడినప్పుడు ఒస్తా అనే పాడాడు. నేను అప్పటికి రికార్డు బటన్ నొక్కలేదు, గొంతు ఎంత గట్టిగా వస్తుందో చూస్తున్నానంతే. వెంటనే ఆపించాను. "పాటల ఒస్తా అనొద్దు. ఇది పాట, బస్టాండ్ గాదు. వస్తా అనాలె" అన్నాను. నాదీ నల్గొండ పక్క పల్లెటూరే. మా ఇంట్లో ఇప్పటికీ ఒస్తా, పోతా అనే మాట్లాడుకుంటాం. అయినా స్టూడియోలో కూర్చుంటే నాకెక్కడలేని పండితుడు పూనుతాడు. పాపం యాకోబు పై పళ్ళు కింది పెదవికి ఆనించి, వస్తా వస్తా అని ఒక పదిసార్లు చదువుకున్నాడు. ఆ తర్వాతే రికార్డు చేశాను. ఒస్తా అన్న ముక్క ఆ కంప్యూటర్లోకి ఎప్పుడూ ఎక్కనే లేదు.

బూడిదరంగు పెట్టెకు పక్కన ఆఫ్ బటన్ ఉంటుంది. ఆఫ్ చేశాను. వస్తా. ఆన్ చేశాను. ఒస్తా. గొంతు అదే, ఊపిరి అదే, తప్పిన శృతి అదే. మొదటి అక్షరం ఒక్కటే మారుతోంది. హెడ్‌ఫోన్స్ మార్చాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. అదే వరస. అసలు ప్లగిన్ ఉన్న రోజుల్లో కూడా దానికి చేతనైంది శృతి సరిచేయడమే. అక్షరాలు మార్చే ప్లగిన్ ఏ ఫార్మాట్‌లోనూ లేదు.

రమేష్‌కు ఫోన్ చేసి పాతవి ఏమైనా ఉంచాడేమో అడిగాను. "ఫార్మాట్ కొట్టినంక ఏముంటదే" అన్నాడు.

రూతమ్మ మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "బండి కాడికి పోయేటప్పుడు పోతా అనకపోయేది. ఒస్తా అనే పోయెటోడు. ఆ పొద్దు దవాఖానకు ఎత్తుకపోయేటప్పుడు నోరు రాలె" అంది.

అంత జరిగినా నా బుద్ధి మారలేదు. వీఎస్టీ త్రీలో మంచి శృతి ప్లగిన్ ఉందనీ, పెట్టె తీసేసి అది వేస్తే గొంతు నున్నగా వస్తుందనీ, ఇలాగే వినిపిస్తే చర్చిలో నవ్వుతారనీ చెప్పాను.

"నవ్వనియ్ తమ్మీ. గిదే ఇయ్యి" అంది.

పెట్టె ఆన్‌లోనే ఉంచి పాటను ఫైలుగా తీశాను. విన్నాను. ఒస్తా ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. నా దగ్గర కాపీ ఉంచుకోలేదు. ఉంచుకోవాలన్న తెలివి లేకపోయింది.

ఆదివారం నేనూ వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాను. తప్పిన శృతితోనే, ఒస్తాతోనే పాట మోగింది. ఎవరూ నవ్వలేదు. వ్యానులో రోజూ ఆయన తీసుకెళ్ళిన పిల్లలు కొందరు వచ్చారు, వాళ్ళు గొంతు గుర్తుపట్టి ఒకరినొకరు గిల్లుకున్నారు. రూతమ్మ స్పీకర్ పక్కనే కూర్చుని పాట అయ్యేదాకా తల ఎత్తలేదు.

సోమవారం స్టూడియోకి రాగానే ఆ పాట తెరిచాను. లేని ప్లగిన్ బదులు వీఎస్టీ త్రీది పెట్టమంటావా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. చదవకుండానే ఎస్ నొక్కాను, రోజుకు వందసార్లు నొక్కే చెయ్యి కదా. పెట్టె పోయింది. ఆ తర్వాత ఎన్ని విధాల తిప్పినా వస్తా అనే వస్తోంది. చక్కటి శృతిలో, మెత్తగా, అచ్చు పుస్తకంలో ఉన్నట్టు వస్తా.

గ్రూపులో అడిగితే ఒకడు ఫేజ్ ప్రాబ్లం అన్నాడు. ఇంకొకడు విండోస్ తప్పన్నాడు. ఇంకొకడు నిమ్మకాయ కట్టమన్నాడు. ఆ మొదటి ఇద్దరికంటే నిమ్మకాయవాడే నయం. తనకు తెలియదని వాడికైనా తెలుసు. నాకు ఈరోజుకీ తెలియదు. దయ్యమని మాత్రం అనను, అనేవాళ్ళ మీద చిరాకూ తగ్గలేదు. జరిగింది మాత్రం ఇదే.

ఆ తర్వాతి బుధవారం రూతమ్మ ఒక స్టీలు డబ్బాలో బగారన్నం తెచ్చింది. నేను తింటుంటే అడిగింది. "ఆ దినం మూడు గంటలు కూసున్నడంటివి గద తమ్మీ. నడుమ నడుమ ఏమన్న మాట్లాడిండా? నవ్విండా? అవి ఉన్నయా?"

మాట్లాడాడు. రికార్డు నడుస్తూనే ఉండేది. వ్యాను బ్రేకుల గురించి, స్కూలు పిల్లల గురించి చెప్పాడు. ఈమె చేసే చేపల పులుసు గురించి చెబుతూ చాలాసేపు నవ్వాడు. పాట అవగానే పాట కాని ముక్కలన్నీ కత్తిరించి, డిస్కులోంచి కూడా తీసేయడం నా అలవాటు. ఆ సాయంత్రమే తీసేశాను. రమేష్ తప్పు కాదు, ఏ ఫార్మాట్ తప్పూ కాదు.

"చూస్తానక్కా" అన్నాను.

అప్పటినుంచి ప్రతి బుధవారం వంట ముగియగానే వస్తోంది. కుర్చీలో కూర్చుని, నాలుగు నిమిషాలు అలుపు తీర్చుకుని, "దొరికినయా తమ్మీ" అని అడుగుతుంది. నిన్న కూడా వచ్చింది. ఇంకా వెతుకుతున్నానని చెప్పాను.