అత్తమ్మ మడమలకు కోకం వెన్న

నేను చేసిన క్రీము గురించి మా తోటికోడలు అన్న మాట ఆమె ఈపాటికి మరిచిపోయి ఉంటుంది. నాకు ఆ రోజు ఆమె కట్టుకున్న చీర రంగు కూడా గుర్తుంది.

చలికాలం వస్తే మా అత్తమ్మ మడమలు పగిలి నెత్తురు కారేది. కర్దనూర్‌లో మాకు మిగిలిన కొంచెం చెలకలో కూరగాయలు పెడుతుంది. చెప్పులు వేసుకోమంటే వినదు. పెద్దకోడలు ఏటా మందుల షాపు నుంచి ట్యూబు తెచ్చేది, తెచ్చిన సంగతి వాడంతా చెప్పేది. ట్యూబు అయిపోయేది, పగుళ్లు మాత్రం ఉండేవి.

నేను పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తాను. నా పక్కన పనిచేసే కొంకణ్ ఆవిడ వాళ్ల ఊరి నుంచి కోకం వెన్న తెచ్చిచ్చింది. వెన్న అంటారు గానీ, అది కోకం అనే పుల్లటి పండు గింజల నుంచి తీసిన గట్టి కొవ్వు. వాళ్ల దగ్గర కాళ్ల పగుళ్లకు అదే రాస్తారట. దానికి నువ్వుల నూనె, తేనెమైనం చేర్చి, వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించాను. మైనం ఎంత ఎక్కువ వేస్తే అంత బాగా పనిచేస్తుందనుకున్నాను. తెల్లారి చూస్తే డబ్బాలో రాయి. స్పూను వంగింది గానీ క్రీము రాలేదు.

తోటికోడలు డబ్బా తీసి గోడకు కొట్టి చూసింది.

"చెల్లె, దీంట్ల ఒక వత్తి పెట్టు. కరెంటు పోయినప్పుడు పనికొస్తది."

అందరూ నవ్వారు, అత్తమ్మ కూడా. "నాకొద్దు బిడ్డ, గీ మైనం గీనం. పెద్దది ట్యూబు తెస్తది తియ్యి" అంది. నవ్వినందుకు కాదు, ఆ 'పెద్దది తెస్తది' అన్నందుకు నాకు కాలింది.

రెండోసారి అరిసెల పాకం చూసినట్టు చూశాను. పాకం చుక్క నీళ్లలో వేసి ఉండ కడుతుందా లేదా అని చూస్తాం కదా, అట్లాగే. స్టీలు పళ్లెం ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడ్డాక దాని మీద చుక్క వేసి వేలితో నొక్కాను. గట్టిగా ఉంటే ఇంకొంచెం నూనె, జారితే ఇంకొంచెం మైనం. పళ్లెమంతా చుక్కలయ్యాయి. చివరికి ఒక చుక్క వేలి కింద మెత్తగా అణిగింది.

అత్తమ్మ ఒప్పుకోలేదు. నేనూ వదల్లేదు. ఆమె స్నానం చేసి గడపలో కూర్చోగానే, తడి ఆరకముందే కాలు నా ఒళ్లోకి లాక్కుని రాసేదాన్ని.

"ఏంది నీ జబర్దస్తీ! ఇడువు, చెలకకు పోవాలె."

"పోదువుగని అత్తమ్మ, జెర ఆగు."

కొన్నాళ్లకు లాగే పని లేకపోయింది. ఆమే కాలు చాపింది. పగుళ్ల అంచులు మెత్తబడి, పూడుకుంటూ వచ్చాయి.

మాఘమాసంలో కంది ఊళ్లో మా ఆడపడుచు కూతురి పెళ్లి. ముత్తైదువల కాళ్లకు వరసగా పసుపు రాస్తూ వచ్చారు. పగుళ్లలో మండుతుందని ఇన్నేళ్లూ పాదాలు చీర కిందికి ముడుచుకున్న మనిషి, ఆ రోజు కుచ్చిళ్లు ఎత్తి రెండు కాళ్లూ బారచాపింది.

"మడిమెల దాక మంచిగ రాయిండ్రి. నా చిన్నకోడలు చేసిన మందుతోటి మానినయి" అంది, పందిరంతా వినపడేలా.

తిరుగు ప్రయాణంలో, ఆటోలో, తోటికోడలు నా వైపు జరిగింది.

"చెల్లె, నాక్కూడ ఒక డబ్బా ఇయ్యరాదు? నా కాళ్లు గూడ పగిలినయి."

"డబ్బాలన్నీ అత్తమ్మ తాననే ఉన్నయి అక్క. ఆమెనే అడుగు."

అడిగింది. అడగక ఏం చేస్తుంది?

"రేపు సూద్దాం తియ్యి" అంది అత్తమ్మ, రోడ్డు వైపు చూస్తూ.

ఇల్లు చేరేదాకా నేను నవ్వు ఆపుకోలేదు. ఆపుకోవాలని అనుకోనూ లేదు.