కెప్టెన్ ‘ఏటి’ అనడేం?

మొన్న బొబ్బిలి దగ్గర ధాన్యం కొనుగోలు కేంద్రంలో కొత్త గోనెసంచుల కట్ట విప్పగానే గుప్పున కొట్టింది ఆ వాసన. జనపనారకి పట్టించే నూనె వాసన. పక్కనున్నవాళ్లు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం వ్యవసాయాధికారినన్న సంగతి కూడా మరిచిపోయి, ఒక సంచి తీసి మొహానికి ఆనించుకున్నాను. నలుగురూ చూస్తున్నారన్న స్పృహ కాసేపటికి గాని రాలేదు. నాకది సంచుల వాసన కాదు, నవలల వాసన. నెల్లిమర్లలో మాకు సైన్సు చెప్పిన సన్యాసమ్మ టీచరు తన పుస్తకాలన్నీ గోనెసంచుల్లోనే ఉంచేవారు. ఆవిడ భర్త జూట్ మిల్లులో పనిచేసేవారు. ఇంట్లో బీరువా లేదు గాని సంచులకి మాత్రం లోటు లేదు.

ఆ సంచుల్లో ఉండేవి ఒక ఆకాశనౌక గ్రహం నుంచి గ్రహానికి తిరిగే నవలలు. ఒకే రచయిత వరసగా రాసినవి, ఇరవై పైచిలుకే ఉంటాయి. మేం వాటిని ‘ఓడ పుస్తకాలు’ అనేవాళ్లం. ఓడకి కెప్టెన్ విజయేంద్ర. ఆరడుగుల మనిషి, పచ్చని ఛాయ, పాఠ్యపుస్తకంలోంచి ఊడిపడినట్టుండే భాష. ఆయన పక్కన మెకానిక్ అప్పలసామి. పొట్టివాడు, పిరికివాడు, తిండిపోతు, నోరు తెరిస్తే అచ్చంగా మా యాస. వాడు ‘ఏటి బాబూ ఇది’ అన్నప్పుడల్లా చదివేవాళ్లు నవ్వాలన్నది రాసినాయన ఉద్దేశం. మూడోది ‘వాణి’, ఓడలో మాట్లాడే యంత్రం. శనివారం ఆఖరి పీరియడులో టీచరు మాకు ఒక్కో అధ్యాయం చదివి వినిపించేవారు. ఆవిడ పాఠం చెప్పేదీ, తిట్టేదీ, కథ చదివేదీ అంతా మా మాటలోనే.

కెప్టెన్ అంటే ఆవిడకి బొత్తిగా గిట్టదు. ఇంజిన్ చెడిపోతే ఆయనగారు కిటికీ దగ్గర నిలబడి నక్షత్రాలు చూస్తాడు, అప్పలసామి ఒళ్లంతా మసి పూసుకుని బాగుచేస్తాడు, చివరి పేజీలో దండలు మాత్రం కెప్టెన్‌కే అని ఆవిడ కోపం. వాణి మీద కూడా మంచి అభిప్రాయం లేదు. దానికి అన్నీ తెలుసు గాని ఆకలి తెలీదు, అందుకే దాని సలహా ఎప్పుడూ సగమే పనికొస్తుంది అనేవారు. అప్పలసామి భయపడతాడని మేం వెక్కిరిస్తే మాత్రం ఊరుకునేవారు కాదు.

“భయమేస్తే పారిపోనాడేటి? వణుక్కుంటానే పని సేసినాడు గదా. ఒలే, ఓడ ఎవులు నడుపుతన్నారు?”

“కెప్టెనండి.”

“కెప్టెన్ దిగిపోతే?”

“అప్పలసామి నడుపుతాడండి.”

“మరి అప్పలసామి దిగిపోతే?”

ఆవిడ పుస్తకం మూసి, చాలాకాలంగా లోపల నలుగుతున్న ప్రశ్న బయటపెట్టారు. “అంత పనోడి నోట్లో మన మాట ఎట్టి, ఇంక నవ్వండర్రా అంటాడేటి రాసినాయన? కెప్టెన్ ఒక్కపాలైనా ‘ఏటి’ అన్నాడేటి?” ఈ మాటే అడుగుతూ ఆ రచయితకి ఉత్తరం కూడా రాశారట. జవాబు రాలేదు. “మన మాట సదవడం రాలేదు గావాల, పాపం” అని నవ్వేశారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. అంతకుముందు ఏడాది విజయనగరంలో ఒక పెళ్లిలో వడ్డించేవాళ్లతో ‘చాలు’ అనకుండా ‘సాలు’ అన్నానని బంధువుల పిల్లలు నా చేత ఆ మాట పదిసార్లు అనిపించి పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆనాటి నుంచి కొత్తవాళ్ల ముందు నోరు విప్పడం మానేశాను. చివరికి తరగతిలో కూడా జవాబు తెలిసినా తల దించుకుని కూర్చునేదాన్ని. లేచి మాట్లాడమంటే జ్వరం వచ్చేది, దొంగ జ్వరం కాదు, చెయ్యి కాలే జ్వరమే. టీచరు ఇదంతా కనిపెట్టారు. “రవణమ్మా, ఇలాగైతే నీ బుర్రలో ఉన్నది బుర్రలోనే కుళ్లిపోతాది” అన్నారు ఒకరోజు. నాకు ఏడుపొచ్చింది.

మేం తొమ్మిదిలో ఉండగా విజయనగరంలో బడిపిల్లల నాటికల పోటీ పెట్టారు. టీచరు ఓడ మీద సొంతంగా ఒక కథ అల్లారు. అందులో అప్పలసామి పుస్తకాల తెలుగు మాట్లాడతాడు, కెప్టెన్ మా యాస మాట్లాడతాడు. ఆ కెప్టెన్ వేషం నాకిచ్చారు. ఎంత బతిమాలినా వినలేదు. వాణి గొంతు మాత్రం తెర వెనక నుంచి తానే పలుకుతానన్నారు.

వేదికెక్కాక చూస్తే, ముందు వరసలో ఇస్త్రీ మడత నలగని యూనిఫారాలు, వాటి పక్కన కళ్లజోళ్లు సర్దుకుంటున్న న్యాయనిర్ణేతలు. వీళ్ల ముందు ‘ఏటి’ అంటే చచ్చిపోతాననిపించింది. టీచరుకి చెప్పకుండా, అప్పటికప్పుడు, కెప్టెన్ మాటలన్నీ మంచి తెలుగులోకి మార్చేద్దామనుకున్నాను. ఇక నేను చేసింది మావాళ్లు మాత్రమే చెయ్యగల తప్పు. ‘చ’ని ‘స’ అన్నందుకు నవ్వులపాలైన నాలుక, శుద్ధంగా మాట్లాడాలన్న కంగారులో ‘స’ కనబడ్డ చోటల్లా ‘చ’ పెట్టేస్తుంది. “చూర్యుడు చమీపిస్తున్నాడు! చిగ్నల్ పంపండి!” అని అరిచాను. హాలు గొల్లుమంది. తరువాతి మాట ఏమిటో గుర్తు రాలేదు.

అప్పుడు తెర వెనక నుంచి, నాటికలో ఎక్కడా లేని మాటలు వినిపించాయి.

“కెప్టెనమ్మా, ఏటైనాది? సూరీడి కాడికి ఒచ్చీసినాం గదా, సెగకి నాలిక మడత పడిపోనాది గావాల. మనింటి మాట సెప్పు. ఓడకి అదే తెలుస్తాది.”

కళ్లనిండా నీళ్లు పెట్టుకునే అన్నాను. “సిగ్నలు అంపండి. ఇంజిను ఆపకండి. నానున్నాను.” జనం ఇంకా కాసేపు నవ్వుతూనే ఉన్నారు. కానీ చివర్లో కెప్టెన్ అందరినీ చిన్న పడవలో ఎక్కించి పంపేసి, మండుతున్న ఓడలో ఒక్కడూ మిగిలిపోయే చోట మాత్రం ఎవరూ కదల్లేదు.

మాకు బహుమతి వచ్చింది, ‘ఉత్తమ హాస్య నాటిక’ అని. టీచరు ఆ కాగితం అందుకుని, నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నారు. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడుస్తూ కూర్చున్నాను. “మనిసి సచ్చిపోయే కతకి నవ్వులాట పైజు ఇచ్చినారండి. మీ పరువు తీసీసినాను” అన్నాను. ఆవిడ ఒళ్లోని సంచి సర్దుకుంటూ కూర్చున్నారు. కోపం వచ్చిందనే అనుకున్నాను.

“టీచరు ట్రైనింగులో నాను ‘చముద్రం’ అన్నాను. క్లాసందరి ముందు, బోర్డు కాడ నిలబడి” అన్నారు చివరికి, నా వైపు చూడకుండా. “ఆ మీదట రెండేళ్లు నోరిప్పలేదు. అడిగితే తలూపేదాన్ని, అంతే. నీకు రెండు నిమిసాలే పట్టినాది.”

అంతవరకూ ఆవిడకి భయమన్నదే తెలీదనుకున్నాను. పుట్టుకతోనే అలా గట్టిగా మాట్లాడే మనిషి అనుకున్నాను. ఆ గొంతు వెనక రెండేళ్ల మౌనం ఉందని నాతో తప్ప ఇంకెవరితోనైనా చెప్పారో లేదో నాకు తెలీదు. అడగడానికి ఇప్పుడు ఆవిడ లేరు.

నా నాలుక ఇప్పటికీ పూర్తిగా లొంగలేదు. ఈమధ్య జిల్లా సమావేశంలో పెద్ద అధికారుల ముందు లేచి, రాసుకున్న కాగితం చూస్తూనే “సెరువుల్లో నీరు సాలదండి” అనేశాను. వెనక వరసలో ఒకాయన కిసుక్కుమన్నాడు. అబద్ధమెందుకు, కూర్చుండిపోదామనే అనిపించింది. కూర్చోలేదు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగాను. ఆగి, ఏ చెరువు ఎన్నాళ్లకి ఎండుతుందో, ఏ ఊళ్లో నారు చచ్చిపోతుందో, మాట ఎలా వస్తే అలాగే మొత్తం చెప్పాను. సగంలో తలెత్తి చూస్తే, ఇందాక నవ్వినాయన కలం తీసి రాసుకుంటున్నాడు.