చుక్కి నా చేతి దాణా ముట్టని రోజులు

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి దాణా పెడితే మా ఆడగుర్రం చుక్కి మూతి పెట్టి తీసేసింది. నడిపిస్తే వెనక కాళ్లు ఒకదానికొకటి తగిలాయి. థర్మామీటర్ పెట్టి చూశాను. గట్టి జ్వరం.

మాది పావగడ తాలూకా క్యాతగానచెర్లు. సోలార్ పార్కులో ఇన్వర్టర్ల మెయింటెనెన్స్ నా పని. పెళ్లి ఊరేగింపుల కోసం చుక్కిని నా జీతంతో కొన్నాను. దాన్ని ఊరేగింపులకు తోలుకుపోయేది మాత్రం మా చిన్నాయన కొడుకు ఓబుళేసు. తప్పెట దరువుకు అడుగులు వేయడం నేర్పిందీ వాడే. వాడి చెప్పుల చప్పుడు వింటే చెవులు నిక్కిస్తుంది. నేను వెళ్తే ఈగలు తోలుకుంటూ నిలబడుతుంది. మొదటినుంచీ నాకు ఇదే మంట.

మరుసటి ఉదయం పశువుల డాక్టరమ్మ వచ్చింది. అప్పటికే చుక్కి కింది పెదవి ఒక పక్కకు జారింది. డాక్టరమ్మ కంటి ముందు చెయ్యి ఆడించినా రెప్ప వేయలేదు.

"వైరల్ ఎన్‌సెఫలైటిస్, అంటే మెదడువాపు అనిపిస్తాది. నిడుగల్లు పక్క గొర్రెలోళ్ల గుర్రాలకూ వచ్చినాది, ఒకటి చచ్చిపోయినాది. దోమల వల్ల వస్తాది. గుర్రం నుంచి మనిషికి రాదు" అని బ్లడ్ శాంపిల్ తీసుకుంది. "దీనికి యాంటీవైరల్ లేదు. సపోర్టివ్ ట్రీట్‌మెంటే. ఫ్లూయిడ్స్, వాపు తగ్గే ఇంజెక్షన్. చీకట్లో, చప్పుడు లేకుండా ఉంచండి."

పోతూ పోతూ కొట్టం పక్క డ్రమ్ముల్లోకి తొంగిచూసింది. "ఇవేందప్పా?"

"ప్యానెళ్లు కడిగే ట్యాంకర్లో మిగిలిన నీళ్లు మేడమ్."

"నీళ్లా ఇవి? అన్నీ దోమల లార్వాలే!"

నీళ్ల కరువున్న మా పావగడలో పట్టిన నీళ్లు పారబోయడానికి ఎవరికీ చేతులు రావు. నేనూ మూతల్లేకుండా నింపి దాచాను. ఆరోజే ఒంపేశాను.

తర్వాత జ్వరం దిగింది కానీ చుక్కి కూలబడింది. డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. "ఇట్లే పడుకుంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతాది. పక్కలు మార్చండి. మింగే శక్తి ఉండాది, తినడం లేదంతే. దీనికి బాగా అలవాటైన మనిషెవరు?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది: "ఓబుళేసు మేడమ్. మావాడు కొన్నాడు, అంతే."

"నేను తినిపిస్తా" అన్నాను. బెల్లం కలిపిన తవుడు పెట్టాను. తల తిప్పుకుంది. పచ్చగడ్డి పెట్టాను. పెదవి కూడా కదపలేదు.

"నీ పౌరుషంతో దాని కడుపు నిండుతాదా? ఫోన్ చెయ్‌రా" అంది అమ్మ.

చేశాను. వాళ్ల ఊరు మంగళవాడ నుంచి బండి మీద వచ్చినాడు. తల దగ్గర కూచుని, "ఏందే పిల్లా, నేను రాలేదని అలిగినావా?" అన్నాడు. చుక్కి చెవి కదిలింది. నేను కలిపిన తవుడే వాడి అరచేతిలోంచి నాకింది.

"అన్నా, ఆ బాటిల్ కొంచెం పైకి పట్టుకోప్పా" అన్నాడు. నా గుర్రానికి నేను సెలైన్ స్టాండునయ్యాను.

"నా చేత్తో ఎందుకు తినలేదురా?"

"అందం అన్నా, అందం."

వాడికి వైద్యం ఏమీ తెలియదు. మెడ మీద వాత పెడదామా అని డాక్టరమ్మనే అడిగినాడు. "పెడితే నీకు పెడతా" అందామె. అయినా చూపు తిరిగొస్తూనే చుక్కి వాణ్ణే చూసేది. జ్వరం నేను రాసుకున్నాను, పేడ నేను ఎత్తాను, పక్కలు ఇద్దరం మార్చాం. చూపు మాత్రం వాడి మీదే.

ఒక ఉదయం గోనెసంచులు పొట్ట కిందికి తోసి లేపాం. వాడు మెడ దగ్గర, నేను తోక దగ్గర. లేచి పడింది. మళ్లీ లేచి వణుకుతూ నిలబడింది. బతికిందని నాకు ఏడుపొచ్చింది. అంతలో మొదటి అడుగు వేసింది, వాడివైపే. నేను కళ్లు తుడుచుకుని పేడ ఎత్తడానికి పోయాను.

రిపోర్టులో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అని వచ్చింది. ఇప్పుడు చుక్కికి చూపు బాగుంది. పెదవి కొంచెం వంకరగానే ఉంది. డ్రమ్ములకు మూతలున్నాయి, కొట్టానికి దోమతెర ఉంది. ఊరేగింపుల్లో కళ్లెం ఓబుళేసు చేతిలోనే ఉంటుంది. జనం వాడితోనే ఫోటోలు దిగుతారు. నాకు ఇంకా మండుతూనే ఉంది.

గుర్రాలు సాకేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. మీ గుర్రం మేత మానేసిన రోజే డాక్టర్‌తో పాటు, అది ఎవరి చేతి మేత తింటుందో ఆ మనిషిని కూడా పిలవండి. కడుపు మండినా పిలవండి.