నిరుటి జవాబు

తెల్లదొరల చెరకుతోటల సీమలో, డెమరారా నది ఒడ్డున ఉన్న సర్కారు ఆసుపత్రి పెద్ద డాక్టరు హాడో దొర రోజుకు ఇరవైసార్లు చేతులు కడుక్కుంటాడు. సబ్బుకు నాని వేళ్ల సందుల్లో చర్మం ఊడిపోతుంటుంది. మంచాలు చాలవని ఏటా పైవాళ్లకు రాస్తాడు. ఏటా బదులు రాదు. పత్రికవాళ్లు దుమ్మెత్తిపోస్తే మాత్రం ఆ రోజే సంజాయిషీ పంపాలి. మొన్న అడోనిస్ అనే చెరకు కూలీని, తోట మేనేజరు చీటీ తేలేదని ఆసుపత్రి గేటు దగ్గరే ఆపేశారు. మూడు గంటలు వానలో కూర్చుని అక్కడే పోయాడు. ఇవాళ పత్రిక నిండా అదే.

"నిరుటి జవాబు తియ్యి క్వామినా. పేరూ తేదీ మార్చు చాలు," అన్నాడు దొర.

గుమస్తా క్వామినా, చూసి రాయడానికి దాచి ఉంచిన పాత నకలు కాగితం తీశాడు. 'రోగం ముదిరాక తెచ్చారు. నిబంధనల ప్రకారమే నడుచుకున్నాం' అని ఉంది. సిరా గీకే చాకు పేరు మీద ఆనించి ఆగిపోయాడు.

"ఏమయ్యా, చెయ్యి ఆడటంలేదా?"

"కొరిన్నా అనుందండీ."

"ఎవరామె?"

"మా అక్కండీ. తోటలో పనిచేసేది. తనకీ చీటీ లేదనే ఆపేశారు. ఈ దస్తూరీ నాదే."

"అప్పుడే చెప్పలేదేం?"

"తమరు తొందరలో ఉన్నారు దొరగారూ."

హాడో లేచి పక్కగదిలోకి వెళ్లాడు. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరిగొచ్చి, తడిచేతులతోనే కుర్చీలో కూలబడి, క్వామినా మొహం చూడకుండా అన్నాడు:

"కాగితం చిరక్కుండా గీకు. మళ్లీ కావాల్సొస్తుంది."